తెలిసినా వదలని చెయ్యి

కనకమహాలక్ష్మి చేసే గుమ్మడికాయ దప్పళం రుచి తెలియని తెలుగు ఇల్లు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో లేదు. ఎవరింట్లో పూజ జరిగినా, పేరంటం జరిగినా, పెద్ద గిన్నె దగ్గర గరిటె ఆవిడ చేతిలోనే ఉండేది. భర్త సన్యాసిరావు గూడ్సు బండ్లు నడిపే లోకో పైలట్. ఆయన డ్యూటీకి బయలుదేరితే, ఆవిడ కట్టిచ్చే క్యారేజీ మీద ఇంజన్‌లో తోడుండే అసిస్టెంటుకి కూడా ఆశే. అలాంటి ఇంట్లో ఒక్కగానొక్క కూతురు జ్యోతిర్మయి అన్నం చూస్తే ముఖం తిప్పుకోవడం మొదలుపెట్టింది.

అది ఒక్కరోజులో వచ్చింది కాదు. డిగ్రీ చదువుతుండగా పిల్లకి టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గేసరికి మనిషి సగమైంది. ఆ వెంటనే పలాసలో మేనమామ కొడుకు పెళ్ళి. చుట్టాలందరూ చుట్టూ చేరి, "ఓలమ్మ, ఎంత నాజూగ్గా తయారైపోనావే!" అని మెచ్చుకున్నారు. తిరిగొచ్చాక జ్యోతిర్మయి రాత్రిళ్ళు అన్నం మానేసింది. తర్వాత నూనె మానేసింది. తర్వాత తీపి, పాలు, పెరుగు. ఏడాది తిరిగేసరికి చేతిగాజులు మోచేతి దాకా జారేవి. కాలేజీ మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయాక గాని, ఇది జబ్బన్న సంగతి తల్లిదండ్రులకి తెలియలేదు.

నెహ్రూ నగర్‌లో మనసు జబ్బులు చూసే ఆసుపత్రి ఒకటుంది. అక్కడి డాక్టరమ్మ ఆ జబ్బుకి అనొరెక్సియా అని పేరు చెప్పింది. కొన్నాళ్ళు చేర్చుకుని, బరువు కాస్త పెరిగాక ఇంటికి పంపి, వారానికోసారి రమ్మంది. "ఇది మొండితనం కాదమ్మా, జబ్బు" అని కనకమహాలక్ష్మికి పదేపదే చెప్పింది. ఆవిడ తల ఊపింది. కాని లోపల ఆ మాట ఇంకలేదు. జ్వరమొస్తే ఒళ్ళు కాలుతుంది, కామెర్లొస్తే కళ్ళు పచ్చబడతాయి. నోటి ముందు పెట్టిన ముద్ద మింగకపోవడం జబ్బెలా అవుతుంది?

ఇంట్లో రోజూ మధ్యాహ్నం ఒకటే తంతు. జ్యోతిర్మయికి తన కంచం ఉంది, అంచు లేని చిన్న స్టీలు పళ్ళెం. అందులో ముందు దోసకాయ ముక్కలు తినాలి. తర్వాత సగం గ్లాసు నీళ్ళు. ఆ తర్వాతే చపాతీ. దాన్ని చింపి ముక్కలన్నీ ఒకే మాదిరిగా పేర్చాలి. కూర చపాతీకి తగలకూడదు. ఎక్కడైనా వరస తప్పితే ఆ పూట భోజనం అంతే. ఓరోజు కనకమహాలక్ష్మి ఉండబట్టలేక, పప్పులో నెయ్యి వేసి, ఆ పళ్ళెంలో ఓ గరిటె వడ్డించేసింది. పిల్ల పళ్ళెం వంక చూస్తూ కూర్చుండిపోయింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి గాని చెయ్యి కదల్లేదు.

"ఏటే, నానేటి విషం పెట్టేనేటి? పప్పే కదే! తింటే సచ్చిపోతావేటి?"

"మమ్మీ, ప్లీజ్... బస్ కరో, ఇక చాలు."

"నీకిట్టం లేదని చెప్పు, ఊరుకుంటాను. తిందామనే ఉందంటావు, తినవు. ఇది మొండితనం కాకపోతే ఇంకేటి?"

జ్యోతిర్మయి లేచి వెళ్ళిపోయింది. ఆ పళ్ళెం అలాగే ఈగలు వాలే దాకా అక్కడే ఉంది.

ఆ వారం ఆసుపత్రికి వెళ్ళినప్పుడు వాళ్ళకి మైత్రి పరిచయమైంది. సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి. అక్కడే పరిశోధన చేస్తోంది. వాళ్ళ నాన్న బొగ్గు కంపెనీలో ఇంజనీరు, కరీంనగర్ వైపు వాళ్ళు. వరండాలో తెలుగు మాట వినబడి ఆగిపోయిందట.

"ఆంటీ, మీకు ఇష్టమైతేనే. తిండి జబ్బులున్న వాళ్ళ మెదడు, ఏదన్నా పని చేసేటప్పుడు ఎట్ల పనిచేస్తదో చూస్తున్నం. తల మీద ఓ టోపీ పెడతం, కంప్యూటర్ల ఓ ఆట ఆడిస్తం. నొప్పి ఉండదు, సూది ఉండదు. జబ్బున్న వాళ్ళతో పాటు వాళ్ళ అమ్మలో, అక్కచెల్లెళ్ళో కూడా కావాలె మాకు."

"టోపీ పెడితే పిల్ల బుర్రలో ఏటుందో తెలిసిపోద్దా?" కనకమహాలక్ష్మి ఆత్రంగా అడిగింది.

"ఆలోచనలు కనబడవు ఆంటీ. మెదడుల కొంచెం కరెంటు లాంటిది పుడుతుంటది, అది గీతలుగ వస్తది. అంతే."

ఆ అంతే అన్న మాట కనకమహాలక్ష్మి చెవికెక్కలేదు. యంత్రం అంటూ ఒకటుంటే అది అబద్ధమాడదని ఆవిడ నమ్మకం. పిల్ల తలలో ఎక్కడో ఓ మేకు దిగి ఉంటుంది, అదేదో ఆ గీతల్లో కనబడుతుంది, డాక్టరమ్మ దాన్ని పీకేస్తుంది. జ్యోతిర్మయి మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. చివరికి, "అమ్మ ఆడితే నేనూ ఆడతా" అంది. ఆ షరతు మీద ఇద్దరూ ఒప్పుకున్నారు.

వెళ్ళే రోజు పొద్దున్నే తలంటుకుని, నూనె రాయకుండా రమ్మన్నారు. పెళ్ళయినప్పటి నుంచి కనకమహాలక్ష్మి తల నూనె లేకుండా గడప దాటింది లేదు. అద్దంలో తన జుట్టు పీచులా లేచి ఉండడం చూసి ఆవిడకే కొత్తగా అనిపించింది. ఆ వేళ సన్యాసిరావు ఇంట్లోనే ఉన్నాడు, కట్నీ లైన్‌లో బండి నడిపి వచ్చి విశ్రాంతి తీసుకుంటున్నాడు. ఆటో దాకా వచ్చి, "భయపడకండి, తిన్నగా వెళ్ళి రండి" అన్నాడు.

ఆసుపత్రి వెనక వైపు చిన్న గది. మధ్యలో గాజు పలక. దానికి ఇవతల మైత్రి, రెండు తెరలు. అవతల ఒక కుర్చీ, ఒక తెర, నాలుగు మీటలు. ముందు జ్యోతిర్మయి కూర్చుంది. మైత్రి ఆమె నెత్తికి చిల్లులున్న గుడ్డటోపీ తొడిగి, ఒక్కో చిల్లులోంచి చల్లటి జిగురు పెట్టి, వైర్లు తగిలించింది. గాజు ఇవతల నుంచి తల్లి చూడవచ్చా అని అడిగితే జ్యోతిర్మయి భుజాలెగరేసి, "చూడనీ" అంది.

ఆట సులువుగానే కనబడింది. తెర పైన నాలుగు పేకముక్కల లాంటి బొమ్మలు. కింద ఇంకో బొమ్మ వస్తుంది. పైవాటిలో ఒకదాని మీట నొక్కి దానితో జత చెయ్యాలి. రంగు చూసి జత చెయ్యాలా, ఆకారం చూసా, ఎన్ని ఉన్నాయో లెక్క చూసా అన్నది ఎవరూ చెప్పరు. ఒప్పయితే పచ్చటి గుర్తు, తప్పయితే ఎర్రటి ఇంటూ. వాటిని బట్టే నియమం కనిపెట్టాలి. కనిపెట్టి కాస్త ఊపిరి తీసుకునేలోపు, చెప్పాపెట్టకుండా నియమం మారిపోతుంది.

జ్యోతిర్మయి చాలా బాగా ఆడింది. ఇంటూ వచ్చిన చోట కాసేపు ఆగేది, మళ్ళీ పచ్చ గుర్తులు వరసగా పడేవి. కూతురి చదువు చూసి మురిసిపోయే తల్లి ప్రాణం కదా, కనకమహాలక్ష్మి గాజుకి ముక్కు ఆనించి మరీ చూసింది. ఆట అయ్యాక బయటికొచ్చిన పిల్ల మెడ నిండా చెమట. ఫ్యాను కింద కూలబడి కళ్ళు మూసుకుంది.

"అన్నీ రైటే కదమ్మా!" కనకమహాలక్ష్మి మైత్రి వైపు తిరిగింది. "బుర్ర బానే ఉన్నట్టు కదా? మరి జబ్బేటి?"

"జవాబులు రైటే ఆంటీ. ఈ జబ్బున్నవాళ్ళు చానామంది ఇట్లనే మంచిగ చేస్తరు. కాని ఆ జవాబుకు వచ్చేందుకు మెదడు ఎంత పని చేసిందో మార్కుల్ల కనబడదు. కొన్ని పరిశోధనల్ల మామూలు వాళ్ళకన్నా ఎక్కువ పని చేస్తదని వచ్చింది, కొన్నిట్ల కొన్ని చోట్ల తక్కువని వచ్చింది. మాకే ఇంకా సరిగ తెల్వదు. అందుకే ఈ పని."

"మా పిల్లకి ఎక్కువా, తక్కువా?"

"ఒక్కరి గీతలు చూసి చెప్పలేమాంటీ. చానామందివి కలిపి చూస్తేనే ఏమన్నా తెలుస్తది."

కనకమహాలక్ష్మి నీరుకారిపోయింది. ఇంత దూరం వచ్చి, తలకి నూనె కూడా మానేసి, తెలిసిందేమీ లేదన్నమాట. అయినా మాటిచ్చింది కాబట్టి, లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. జిగురు చల్లగా మాడుకి తగిలింది. మైత్రి తెర తిప్పి చూపిస్తూ, "ఒకసారి పళ్ళు బిగించండాంటీ" అంది. ఆవిడ బిగించగానే సన్నగా పాకుతున్న గీతలన్నీ ఒక్కసారి జడలు విప్పుకుని లేచాయి. "చూసిండ్రా? అందుకే పళ్ళు బిగించకుండ, కండ్లు ఎక్కువ ఆర్పకుండ కూచోవాలె."

ఆట మొదలైంది. మొదటి బొమ్మలు ఎరుపు త్రికోణాలు. ఆవిడ ఎరుపుని ఎరుపుతో కలిపింది. పచ్చ గుర్తు. నీలాన్ని నీలంతో. పచ్చ గుర్తు. ఆవిడకి సరదా వేసింది. కూరగాయలు ఏరినట్టుందిది! వరసగా పచ్చ గుర్తులు పడుతున్నాయి. ఎవరో వెనక నిలబడి శభాష్ అంటున్నట్టుంది.

ఉన్నట్టుండి ఎర్రటి ఇంటూ పడింది.

మీట సరిగ్గా నొక్కలేదేమో అనుకుంది. తర్వాతి బొమ్మనీ రంగుతోనే కలిపింది. ఇంటూ. మళ్ళీ రంగు. మళ్ళీ ఇంటూ. అప్పటికి ఆవిడకి అర్థమైంది, నియమం మారింది. ఇక రంగు కాదు, ఆకారమో లెక్కో, ముందు ఆకారం చూడాలి. రంగు కాదని స్పష్టంగా తెలుసు. తర్వాతి బొమ్మ రాగానే ఆకారమే చూడాలనుకుంది. చెయ్యి రంగు మీదికే పోయింది. ఇంటూ.

"ఏటిది!" అని పైకే అనేసింది.

మళ్ళీ అదే. కళ్ళకి ఆకారం కనబడుతోంది, మనసు ఆకారమే అంటోంది, వేలు మాత్రం రంగు కలిసే మీట మీదికే వెళ్తోంది. చెవులు వేడెక్కాయి. రంగుని వదిలేస్తుంటే, చేతిలో పట్టుకున్నదేదో జారిపోతున్నంత బెరుకు పుట్టింది. ఇందాక శభాష్ అన్నవాళ్ళే ఇప్పుడు వెనక నిలబడి నవ్వుతున్నట్టుంది. చాలా ఇంటూలు పడ్డాక, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఆకారం కలిసే మీట నొక్కింది. పచ్చ గుర్తు. కాస్త నిలదొక్కుకునేసరికి నియమం మళ్ళీ మారిపోయింది. ఆట అయ్యేసరికి ఆవిడ జాకెట్టు వీపుకి అంటుకుపోయింది.

ఆవిడ బయటికొచ్చి బల్ల మీద కూర్చుంది. మైత్రి జిగురు తుడుస్తూ, "ఇది తెలివికి పరీక్ష కాదాంటీ, బాధపడకండి" అంది. ఆవిడ బాధపడటం లేదు. కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసుకుంటోంది.

తిరుగు దారిలో కూరలు కొనాలని గోల్ బజార్ దగ్గర ఆటో దిగారు. జిగురు ఎండి ఇద్దరి జుట్టూ అట్టలు కట్టింది. నడుస్తూ నడుస్తూ కనకమహాలక్ష్మి అడిగింది. "ఏటే, అది మారిందని నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి ఇంటూకే తెలిసిపోయింది."

"నాకూ తెలిసిందే. తెలిసినా గాని చెయ్యి వినలేదే! నానెటు పొమ్మంటే అది అటు పోదు. ముండ చెయ్యి!"

జ్యోతిర్మయి నవ్వింది. చాలా నెలల తర్వాత వినబడిన నవ్వు. తల్లి కూడా నవ్వింది. చెరుకురసం బండివాడు వాళ్ళిద్దరి జుట్లూ చూసి వింతగా చూశాడు. నవ్వు ఆగాక జ్యోతిర్మయి నడక నెమ్మదించింది.

"అమ్మా, ప్లేట్ దగ్గర నాకు రోజూ అదే అవుతుంది. తినాలని తెలుసు. డాక్టర్ చెప్పింది కరెక్టే అని తెలుసు. పప్పు మంచిదని తెలుసు. సబ్ పతా హై. ముద్ద దగ్గరకొచ్చేసరికి చెయ్యి పాత రూలు మీదికే పోతుంది. నువ్వు పక్కన అరుస్తుంటే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది."

కనకమహాలక్ష్మి నడిరోడ్డు మీద నిలబడిపోయింది. వెనక నుంచి రిక్షావాడు గంట కొట్టి తిట్టాడు. కూతురి మోచెయ్యి పట్టుకుని ఆవిడ ఓ బట్టలకొట్టు అరుగు పక్కకి జరిగింది. ఈ మాటే డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. అప్పుడు చెవిలో పడి జారిపోయిన మాట, ఇప్పుడు తన వేళ్ళలోంచి లోపలికి దిగింది.

"అలాగైతే రోజూ ఎలా భరిస్తున్నావే తల్లీ?" అంది.

జ్యోతిర్మయి ఆ ప్రశ్నకి తడబడింది. ఇన్నాళ్ళలో ఎవరూ ఆమెని అలా అడగలేదు. కొట్లో వేలాడే చీరల వంక చూస్తూ, "ఇంకో మాట చెప్పనా? కోప్పడకూడదు" అంది.

"చెప్పు."

"నువ్వు తినడం నేనెప్పుడూ చూడలేదమ్మా. సోమవారం శివుడికి, గురువారం బాబాకి, శనివారం వెంకన్నకి. మిగతా రోజులు మేం తిన్నాక, అంతా సర్దేశాక, వంటింట్లో నిలబడి ఏదో ఇంత. మా అందరికీ ఇంత వండుతావు. చిన్నప్పుడు నేను, పెద్దయ్యాక ఆడవాళ్ళు తినరేమో అనుకునేదాన్ని."

ఉపవాసాలంటే కాలనీలో అందరూ కనకమహాలక్ష్మిని భక్తురాలన్నారే గాని, ఇలా అన్నవాళ్ళు లేరు. జ్యోతిర్మయి తర్వాత పుట్టిన మగబిడ్డ నెల తిరగకుండానే పోయాడు. ఆ దుఃఖంలో మొదలుపెట్టిన శనివారం అది. కడుపు కాలుతుంటే గుండెలో బరువు కొంచెం తగ్గినట్టుండేది. ఇల్లూ వాకిలీ, మొగుడి డ్యూటీలూ, చావూ బతుకూ ఏదీ తన చేతిలో లేదు. ఆకలి ఒక్కటి తన చేతిలో ఉంది. ఆ తర్వాత సోమవారం వచ్చింది, గురువారం వచ్చింది. దేవుడికి ఎంత, తనకి ఎంత అని ఎప్పుడూ తేల్చుకోలేదు.

"పద, ఎండ ముదురుతోంది" అని మాత్రం అంది.

సాయంత్రం సన్యాసిరావుకి జరిగిందంతా చెప్పింది, ఉపవాసాల మాట తప్ప. ఆయన టీ తాగుతూ విన్నాడు. "మరైతే ఇన్నాళ్ళూ దాన్ని మనం తిట్టి ఏటి లాభం?" అన్నాడు. "నాను కూడా అరిచీవాడినే కదేటి" అని కప్పు కింద పెట్టి, కూతురి గది వైపు చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు శనివారం. మధ్యాహ్నం కనకమహాలక్ష్మి రెండు కంచాలు పెట్టింది. జ్యోతిర్మయి వచ్చి, తన చిన్న పళ్ళెం ఎదురుగా అమ్మ కంచం చూసి ఆగిపోయింది.

"ఈ వేళ శనివారం కదా?"

"అవును. కూచో."

పూజ చేసింది, దీపం పెట్టింది, స్వామికి చెప్పుకుంది. అయినా అన్నం కలిపిన చెయ్యి నోటి దాకా రావడానికి చాలాసేపు పట్టింది. ఏదో అపచారం చేస్తున్నానని, ఇంటికి చెడు జరుగుతుందని లోపల ఎవరో కేకలు పెడుతున్నారు. ఎదురుగా కూతురు ఆవిడనే చూస్తోంది. ఆ చూపులో ఎగతాళి లేదు, జాలి కూడా లేదు. ఏం జరుగుతోందో బాగా తెలిసిన మనిషి చూపు అది.

"తొందర లేదమ్మా" అంది జ్యోతిర్మయి మెల్లగా. "నీళ్ళు తాగి మళ్ళీ చూడు."

ఆవిడ మొదటి ముద్ద మింగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పూట తల్లి సగం కంచమే తినగలిగింది. కూతురు తన చపాతీతో పాటు, ఎవరూ చెప్పకుండా, రెండు చెంచాల పప్పు వేసుకుంది. పప్పు చపాతీకి తగిలింది. ఆమె కొంచెంసేపు ఆగి, తినేసింది.

తర్వాతి వారం కనకమహాలక్ష్మి డాక్టరమ్మ దగ్గర తన సంగతి కూడా చెప్పుకుంది. డాక్టరమ్మ ఉపవాసాన్ని తప్పు పట్టలేదు. "భక్తితో చేసేది ఒకటి, వదలలేక చేసేది ఇంకొకటి. ఏది ఏదో మీరే నెమ్మదిగా చూసుకోండి" అంది. ఆవిడ సోమవారం ఒక్కటి ఉంచుకుంది. మిగతా రెండు రోజులూ కూతురితో కూర్చుని తినసాగింది. కొన్ని వారాలు మళ్ళీ ఉపవాసం లోకి జారేది, మళ్ళీ వెనక్కి వచ్చేది. పళ్ళెం ముందు కేకలు మాత్రం ఆగిపోయాయి.

అంతటితో జబ్బు నయమైపోయిందంటే అబద్ధమే. ఆ వానాకాలం, డిగ్రీ అయ్యాక రాసిన బ్యాంకు పరీక్ష ఒకటి తప్పాక జ్యోతిర్మయి మళ్ళీ జబ్బులో పడిపోయింది. దోసకాయ ముక్కలు తప్ప ఏమీ ముట్టలేదు. బరువు బాగా తగ్గి మళ్ళీ ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. కనకమహాలక్ష్మి పక్కమంచం మీద పడుకుంది. మునుపైతే, ఇంత చేశాక కూడా ఇదేటి బుద్ధి అని కుమిలిపోయేది. ఈసారి కుమిలినా, ఆ కోపం కూతురి మీదికి మళ్ళలేదు. పొద్దున్నే నర్సు పెట్టిన అటుకుల పోహాని ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినేవారు. మాటలన్నీ తిండి గురించి కాకుండా చూసుకునేవారు. ఘాట్ దారిలో కొండ ఎక్కేటప్పుడు బండి వెనక ఇంకో ఇంజన్ ఎలా కడతారో సన్యాసిరావు వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. జ్యోతిర్మయి ఆ కథ ఎన్నోసార్లు విన్నదే అయినా, ఊఁ కొట్టేది.

చలికాలం మొదట్లో మైత్రి కనబడి, చాలామందితో ఆట పూర్తయిందని చెప్పింది. మారిన నియమానికి సర్దుకునే చోట, జబ్బున్న వాళ్ళ గీతలు మామూలు వాళ్ళ గీతల్లా లేవట. వాళ్ళ తల్లుల్లో, అక్కచెల్లెళ్ళలో కూడా కొందరివి కాస్త అటువైపే మొగ్గాయట. "ఇది ఇంకా చిన్న లెక్కే ఆంటీ, గట్టిగ చెప్పనీకి లేదు. ఇంకా చాలామందిని చూడాలె" అని రెండుసార్లు చెప్పింది. తమ ఇద్దరి గీతలు ఎటువైపు పడ్డాయని కనకమహాలక్ష్మి ఈసారి అడగలేదు. "నీ పని బాగా జరగాలమ్మా" అని, తెచ్చిన అరిసెల డబ్బా చేతిలో పెట్టింది.

మాఘమాసంలో పలాస నుంచి కనకమహాలక్ష్మి వదినగారు అప్పలనరసమ్మ చూసిపోదామని వచ్చింది. మంచి మనిషే, మాట మీద తాళం లేదు. జ్యోతిర్మయి అప్పటికి ఓ కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతోంది, బుగ్గల్లో కాస్త నెత్తురు కనబడుతోంది. భోజనాలకి కూర్చోబోతుండగా అప్పలనరసమ్మ మేనకోడల్ని ఎగాదిగా చూసి, "ఓలమ్మ, బాగా ఒళ్ళు చేసేవే! ఇప్పుడు కదే మనిషిలాగున్నావు!" అని బుగ్గ గిల్లింది.

జ్యోతిర్మయి ముఖంలో రంగు పోయింది. ఏదో ఫోను వచ్చిందని చెప్పి గదిలోకి వెళ్ళిపోయింది.

"ఏటయిందే? మంచే కదా అన్నాను?" అని ఆవిడ కంగారు పడింది.

"నీ తప్పు కాదొదినా. దానికి ఒంటి మాట పడదు, లావన్నా, సన్నమన్నా. కూచో, వడ్డిస్తాను" అంది కనకమహాలక్ష్మి. వడ్డించి, వదిన చేతికి నెయ్యి గిన్నె అందించి, ఉత్త చేతులతో కూతురి గదిలోకి వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసి మంచం మీద కూర్చుంది.

జ్యోతిర్మయి కిటికీ వైపు తిరిగి ఉంది. "నాకు తినాలని లేదు" అంది.

"సరే."

బయట పెట్టెలు మార్చే షంటింగ్ ఇంజన్ ఒకటి కూత వేస్తూ వెళ్ళింది.

"ఆ జబ్బు ఎంత గట్టిగా చెబుతోందే లోపల?" అని అడిగింది తల్లి.

"చాలా గట్టిగా. ఇవాళ నుంచి మళ్ళీ మొదలుపెట్టు అంటోంది. కోచింగ్ కూడా మానేయ్, ఎవరికీ కనబడకు అంటోంది." జ్యోతిర్మయి కిటికీ ఊచ పట్టుకుంది. "మమ్మీ, అత్తయ్య మంచికే అందని నాకు తెలుసు. పతా హై ముఝే."

"నీకు తెలుసని నాకు తెలుసు."

జ్యోతిర్మయి తల తిప్పి తల్లి చేతుల వంక చూసింది. వాటిలో పళ్ళెం లేదు. ఆ తర్వాత వచ్చి ఆవిడ పక్కన కూర్చుని, భుజానికి తల ఆనించింది. అవతల అప్పలనరసమ్మ దప్పళం బాగుందని సన్యాసిరావుకి గట్టిగా చెబుతోంది.

"అత్తయ్య వెళ్ళేలోపు ఒక్కసారైనా నా గురించి మాట్లాడకుండా ఉంటుందా?" అని జ్యోతిర్మయి అడిగింది.

"ఉండదు" అంది కనకమహాలక్ష్మి. "కాని నాను పక్కనే ఉంటాను."

జ్యోతిర్మయి ముఖం కడుక్కుని బయటికొచ్చింది. మామూలుగా తినేదానికన్నా తక్కువే వడ్డించుకుంది. ఏదీ పేర్చకుండా తింది. మధ్యలో అత్తయ్య పలాస జీడిపప్పు ధర గురించి మొదలుపెట్టి, వాళ్ళ వీధిలో కోతుల బెడద దాకా వచ్చింది. ఓ కోతి పక్కింటి వాళ్ళ కుక్కరు ఎత్తుకుపోయిన కథ చెబుతుంటే, సన్యాసిరావుకి పొలమారింది. జ్యోతిర్మయి తండ్రి వీపు తడుతూ, "తర్వాత ఏమైంది అత్తయ్యా?" అని అడిగింది.